1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చినా 15 సీట్లే ఎందుకు దక్కాయి?

1952లో 41 స్థానాలు గెలిచిన పార్టీ మూడేళ్లకే 15కి పడిపోయిందంటే, జనం కమ్యూనిజానికి భయపడి ఓటు మార్చుకున్నట్టే కదా అని మీ ప్రశ్న. ఓట్ల లెక్క చూస్తే అలా చెప్పలేం. 1955లో కమ్యూనిస్టులకు దాదాపు 27 లక్షల ఓట్లు, అంటే 31.13 శాతం పడ్డాయి. కాంగ్రెస్‌కు 39.35 శాతం. సీట్లు మాత్రం 196లో కాంగ్రెస్‌కు 119, కమ్యూనిస్టులకు 15. భయం పనిచేసింది, సందేహం లేదు. కాకపోతే ఓటరు కన్నా ముందు అది నాయకులను కదిలించింది.

1952కి వెళ్దాం. అప్పటి మద్రాసు శాసనసభలో 375 స్థానాలు. అందులో ఆంధ్ర జిల్లాలవి 140. ఆ 140లో కమ్యూనిస్టులు 41 గెలిస్తే కాంగ్రెస్ 40 దగ్గర ఆగిపోయింది. కాంగ్రెస్, ప్రకాశం పంతులు ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ, రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, సోషలిస్టులు, స్వతంత్రులు, అందరూ ఒకరిమీద ఒకరు పోటీ చేసుకున్నారు. ఓట్లు నాలుగైదు ముక్కలైన చోట పావు వంతుకు కాస్త పైన తెచ్చుకున్నవాడు కూడా గెలిచిపోతాడు. ఫలితాల తర్వాత ప్రకాశం నాయకత్వంలో కమ్యూనిస్టులు కూడా కలిసిన ఐక్య ప్రజాస్వామ్య ఫ్రంట్ ప్రభుత్వం ఏర్పాటుకు ముందుకొచ్చింది. గవర్నర్ శ్రీప్రకాశ మాత్రం ఎన్నికల్లో పోటీయే చేయని కాంగ్రెస్ నాయకుడు రాజాజీని ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. రాజాజీ కమ్యూనిస్టులే తన మొదటి శత్రువులని బాహాటంగా ప్రకటించారు. నా దృష్టిలో 1955 కథ అసలు మొదలైంది ఇక్కడే.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. ఈసారి కాంగ్రెస్ మద్దతుతో. 1954 నవంబర్‌లో మద్యనిషేధం వ్యవహారంలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గడంతో ప్రభుత్వం కూలింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులే అధికారంలోకి వస్తారన్న అంచనా బలంగా ఉండటంతో ఢిల్లీ దీన్ని జాతీయ సమస్యగా తీసుకుంది. బొంబాయి నుంచి కాంగ్రెస్ నాయకుడు ఎస్.కె. పాటిల్‌ను పంపింది. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజా పార్టీ ఐక్య కాంగ్రెస్ ఫ్రంట్‌గా ఏర్పడి స్థానాలు పంచుకున్నాయి. రంగాగారు ఇటు రావడం చాలా పెద్ద విషయం. ఎందుకంటే కృష్ణా, గుంటూరు డెల్టాలో కమ్యూనిస్టులకు అండగా ఉన్న రైతు కుటుంబాల్లోనే ఆయనకూ పలుకుబడి ఉంది. ఈసారి ఎదుటి ఓట్లు 1952లోలా చీలకపోవడంతో ఫ్రంట్ మొత్తానికి సగానికి దగ్గరగా ఓట్లు, 146 సీట్లు వచ్చాయి.

ఇక ప్రచారం. భూములు పోతాయని, గుళ్లూ గోపురాలూ ఉండవని, తెలంగాణ సాయుధ పోరాటం నాటి హింస మళ్లీ వస్తుందని ఊరూరా చెప్పారు. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ఆంధ్రప్రభ తీవ్రంగా రాసింది. అవతల కమ్యూనిస్టుల పత్రిక విశాలాంధ్ర దాదాపు ఒంటరి. వీటన్నిటికన్నా కమ్యూనిస్టులను ఎక్కువ ఇరుకున పెట్టినవి 1955 జనవరిలో జరిగిన రెండు సంగతులు. ఆవడి కాంగ్రెస్ సభ సోషలిస్టు తరహా సమాజమే లక్ష్యమని తీర్మానించింది. అదే నెల సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా సంపాదకీయంలో నెహ్రూను మెచ్చుకుంది. రష్యాయే మెచ్చుకుంటున్న నెహ్రూను మీరెందుకు తిడుతున్నారని కాంగ్రెస్ వాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టమైంది.

అంకెలు మీరే సరిచూసుకోవాలనుకుంటే ఎన్నికల సంఘం గణాంక నివేదికలు తీయండి. కొన్నిచోట్ల జాగ్రత్త అవసరం. 41ని, 15ను నేరుగా పోల్చకూడదు. ఒకటి 140లో, రెండోది 196లో. నియోజకవర్గాల హద్దులు కూడా మారాయి కాబట్టి పేరు ఒకటే అయినా ప్రాంతం ఒకటి కాకపోవచ్చు. 1955లో 138 ఏకసభ్య, 29 ద్విసభ్య నియోజకవర్గాలున్నాయి. ద్విసభ్య స్థానంలో ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. అక్కడ పోలైన ఓట్లను ఓటర్ల సంఖ్యగా తీసుకుంటే పోలింగ్ శాతం తప్పుతుంది.

1952 కన్నా ఓట్ల శాతం పెరిగింది కాబట్టి బలం అంతే పెరిగిందనీ అనకండి. 1952లో మద్రాసు రాష్ట్రం మొత్తం మీద కమ్యూనిస్టులు 131 స్థానాల్లో పోటీ చేస్తే, 1955లో ఒక్క ఆంధ్రలోనే 169 చోట్ల నిలబడ్డారు. ఎక్కువ చోట్ల నిలబడితే మొత్తం శాతం పెరుగుతుంది. ఇంకో పొరపాటు తరచూ కనిపిస్తుంది: ఈ ఫలితాన్ని తెలంగాణకూ అంటగట్టడం. అప్పటికి తెలంగాణ హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. అక్కడ 1955లో ఎన్నికలే లేవు.

ముందుగా కృష్ణా, గుంటూరు జిల్లాల ఏకసభ్య స్థానాలు తీసుకోండి. ఒక్కో చోట కమ్యూనిస్టు కాక ఎంతమంది గట్టి అభ్యర్థులున్నారో, గెలిచినవాడికి ఎంత శాతం వచ్చిందో 1952కి, 1955కి విడివిడిగా రాసుకోండి. రాష్ట్రం మొత్తం లెక్కలో కనిపించని తేడా అక్కడ తెలుస్తుంది.