ఏ నూనె మంచిదని అడిగావు కదా

చి. సుధకి,

ఆశీస్సులు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడుతూ "గుండెకి మంచి నూనె ఒక్కటి చెప్పు పిన్నీ" అన్నావు. పేరొకటి చెప్పి ఊరుకుంటే దాన్నే ధారాళంగా పోసేస్తావని తెలుసు, అందుకే ఇంత రాస్తున్నాను.

సీసా ముందువైపు ఉండే గుండె బొమ్మనీ, 'కొలెస్ట్రాల్ లేదు' అనే మాటనీ చూసి మురిసిపోకు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, కొబ్బరినూనెలో కూడా! వెనక్కి తిప్పి సాచురేటెడ్ ఫ్యాట్ (సంతృప్త కొవ్వు) ఎంతుందో చదువు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని కాలేయం లాగేసుకుంటూ ఉంటుంది, ఈ కొవ్వు ఎక్కువైతే ఆ పని మందగిస్తుంది.

కొబ్బరినూనెలో అది 80 శాతం పైనే, పామాయిల్‌లో దాదాపు సగం. వేరుశనగ, తవుడు నూనెల్లో 20కి కాస్త అటూ ఇటూ. నువ్వులు, ఆలివ్ 14, 15 దగ్గర ఉంటాయి. పొద్దుతిరుగుడు ఇంకా తక్కువ, కనోలా అయితే 7 శాతమే. నీలాంటివాళ్ళకి రోజు మొత్తం కేలరీల్లో సాచురేటెడ్ ఫ్యాట్ వాటా 6 శాతం దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. 2000 కేలరీలు తినే మనిషికి అది సుమారు 13 గ్రాములు. ఒక్క టేబుల్ స్పూన్ కొబ్బరినూనెతోనే 11 గ్రాములు అయిపోతాయి, అదే ఆలివ్ అయితే 2.

గానుగలో ఆడించినదా, రిఫైన్డా అని చాలామంది వాదించుకుంటారు. రుచి, వాసన మారతాయేమో గానీ ఈ లెక్క పెద్దగా మారదు. వనస్పతి, అంటే హైడ్రోజనేట్ చేసిన కొవ్వు ఏదైనా సరే, అసలు కొనకు. అందులో ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు ఉంటే, అది చెడు కొలెస్ట్రాల్‌ని పెంచడమే కాక మంచిదాన్ని తగ్గిస్తుంది.

ఇంకోటి, వెన్నా నెయ్యీ ఎప్పట్లాగే వేసుకుంటూ పైన ఆలివ్ నూనె కలిపితే ఎల్‌డీఎల్ దిగదు. అవి తీసేసి వాటి చోట ఇది రావాలి. సీసా వంచి పోయకుండా స్పూనుతో కొలువు. ఏ నూనెకైనా టేబుల్ స్పూనుకి 120 కేలరీలే, ఖరీదైనదని తగ్గవు. ఒకసారి వేయించిన నూనెని మళ్ళీ మళ్ళీ కాచకు.

డాక్టర్ మాత్రలు రాసి ఉంటే, నూనె మార్చాను కదా అని అవి మాత్రం ఆపకు.

మీ పిన్ని