పత్రిక చేతులు మారేటప్పుడు

ప్రశ్న: మాది 64 పేజీల త్రైమాసిక సాహిత్య పత్రిక. పాత సంపాదకులు ఈ దీపావళి సంచికతో తప్పుకుంటున్నారు. బాధ్యత తీసుకుంటున్న మేం ముగ్గురం పేరు, సైజు, శీర్షికలు అన్నీ ఈ సంచికలోనే మార్చేద్దామనుకుంటున్నాం. సరేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పేరు జోలికి వెళ్లకండి. 1867 నాటి చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం అమల్లోకి వచ్చింది. పేరు మార్చాలంటే పత్రికల రిజిస్ట్రేషన్‌కున్న ప్రభుత్వ వెబ్‌సైటు ప్రెస్ సేవా పోర్టల్‌లో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉంటే అదీ కొత్తగా తీసుకోవాలి. అప్పుడు గ్రంథాలయాలు పాత సంచికలను ఒక పత్రికగా, కొత్తవాటిని మరో పత్రికగా లెక్కేస్తాయి. ఇన్నేళ్ల సంపుటాలకు మీ సంచికలతో లంకె తెగిపోతుంది. ఈ గొడవలో పడి సంచికలు ఆపడం అంతకన్నా ప్రమాదం. పత్రికను క్రమంగా తేకపోతే రిజిస్ట్రేషన్‌ను 30 నుంచి 180 రోజుల దాకా సస్పెండ్ చేయవచ్చు. సంపాదకుడి పేరు మారుతోంది కాబట్టి ప్రింట్‌లైను (సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్తల పేర్లు వేసే పంక్తి) మార్చడం మరిచిపోవద్దు.

సైజు, శీర్షికలు జనవరికి వాయిదా వేయండి. కొత్త సంపుటి అక్కడే మొదలవుతుంది, పాఠకుడికీ అది సహజంగా తోస్తుంది. శరత్కాలంలో ప్రయోగాలు చేయకపోవడానికి ఇంకో కారణం ప్రెస్సు. దసరా నుంచి క్యాలెండర్లు, డైరీలు, కార్తీక మార్గశిరాల శుభలేఖలు వచ్చి పడతాయి. ఆయుధపూజకు మిషన్లు ఆగుతాయి. విజయదశమి నుంచి దీపావళి అమావాస్యకు సరిగ్గా ఇరవై తిథులే. ఫైనల్ ఫైలు దసరాకు ముందే ప్రెస్సుకు చేరకపోతే దీపావళి సంచిక కార్తీక పౌర్ణమికి గానీ రాదు.

ఈ రెండు నెలల్లో చేయాల్సిన అసలు పని వేరే ఉంది: పాతవారు అంగీకరించి ఇంకా అచ్చు వేయని రచనల లెక్క తేల్చడం. ఒక నోటుపుస్తకంలో వచ్చిన తేదీ, రచయిత, ప్రక్రియ, పేజీలు, ఇచ్చిన మాట, ఏ సంచికకు అన్నవి రాయండి. 64 పేజీల్లో విషయసూచిక, సంపాదకీయం, ప్రకటనలు పోగా 56 మిగులుతాయనుకుందాం. పెండింగు 110 పేజీలు ఉంటే రెండు సంచికలు నిండిపోతాయి. అన్నీ ఒకేసారి వేస్తే మీ అభిరుచి కనిపించదు, తిప్పి పంపితే రచయితలు నమ్మరు. సంచికకు 28 పేజీల చొప్పున పాత మాట చెల్లిస్తే ఏడాదిలో తీరుతుంది. నా దృష్టిలో ఇదే న్యాయం. ఎవరి రచన ఏ సంచికలో వస్తుందో ఇప్పుడే ఉత్తరం రాయండి.

ప్రశ్న: అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లను యూనికోడ్‌కు మార్చాం. ప్రూఫులో వింత తప్పులు. ఎందుకు?
– ఒక డీటీపీ ఆపరేటర్, ఖమ్మం

జవాబు: ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఏది అసలు ఇంగ్లిషో, ఏది తెలుగు ముక్కో కన్వర్టర్‌కు తెలియదు కాబట్టి రచనలో నిజంగా ఉన్న ఇంగ్లిషు మాటల్నీ తెలుగు ముక్కలు చేసేస్తుంది. మార్చే ముందే వాటికి రంగు వేసి పెట్టుకుని, తర్వాత చేత్తో టైపు చేయండి. రెండో తప్పు ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో. పొల్లు తర్వాత కనిపించని విభజన గుర్తు ఎగిరిపోతే ‘ట’కు వకారం ఒత్తుగా వచ్చేస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే తప్పు ఫాంటుది కాదు, పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. 12 పాయింట్ల అక్షరానికి పంక్తి ఎడం 17 లేదా 18 ఉండాలి. తగ్గిస్తే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. కవిత్వానికి మూడో ప్రూఫు తప్పనిసరి, పాదం విరుపు మారితే కవితే మారిపోతుంది.

ప్రశ్న: వానాకాలం చివర్లో కవర్లు చుట్టుకుపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక ప్రచురణకర్త, కాకినాడ

జవాబు: మీ కవర్లకు లామినేషన్ (పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్) బయటి వైపే వేయించి ఉంటారు. రెండో వైపు అట్ట గాలిలోని తేమ పీల్చి సాగుతుంది, ఫిల్మ్ ఉన్న వైపు సాగదు. దాంతో కవరు బయటికి లేస్తుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరు వానల్లో ఇది మరీ ఎక్కువ. అట్టను కట్ట విప్పకుండా ఒక రోజు ప్రెస్సు గదిలో ఉంచాక అచ్చు వేయించండి. పిన్నింగ్, కటింగ్ అయ్యాక బరువు కింద ఒక రాత్రి పెట్టండి. అట్ట పీచు వెన్ను పొడవునా ఉండేలా కోయమని ముందే చెప్పండి, అడ్డంగా కోస్తే మడత దగ్గర పగులుతుంది. లామినేషన్ లేని 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) అట్ట చాలనుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.