రాకెట్ శకలాల లెక్క నేర్చుకోవాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. బొగ్గు గనిలో పనిచేస్తాను. మా అమ్మాయి మరాఠీ మీడియంలో పది పాసై, పదకొండు సైన్సులో చేరింది. 2022 ఉగాది సాయంత్రం ఆకాశంలో మండుతూ పోయినవాటిని చూసినప్పటి నుంచి, రాకెట్ శకలాల మీద కన్నేసి ఉంచే ఉద్యోగమే చేస్తానంటోంది. చంద్రపూర్‌లో ఇస్రో రాడార్ పెడుతోందని విన్నాం. ఏం చదివించమంటారు?

జవాబు: ముందు రాడార్ సంగతి చెప్పేస్తాను. మీరు విన్నది మీ చంద్రపూర్ గురించి కాదు, అస్సాంలో, గువాహటి దగ్గరున్న చంద్రపూర్ గురించి. అంతరిక్ష శకలాలను గమనించే 'నేత్ర' ప్రాజెక్టు కింద ఇస్రో అక్కడ రాడార్, లడఖ్‌లోని హాన్లేలో టెలిస్కోపు తలపెట్టింది. శకలాల లెక్కలు చూసే కేంద్రం బెంగళూరులో ఉంది, శ్రీహరికోటలో ఒక రాడార్ ఇప్పటికే పనిచేస్తోంది. ఇంటి దగ్గరే కొలువు దొరుకుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.

ఆ సాయంత్రం సిందేవాహి తాలూకా లాడబోరిలో పడ్డ పెద్ద లోహపు రింగు చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్‌దని నిపుణులు అంచనా కట్టారు. అది ఎక్కడ పడుతుందో ముందే ఎందుకు చెప్పలేకపోయారు? ఈ ఉద్యోగం అసలు స్వరూపం ఈ ప్రశ్నలోనే ఉంది. భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగే ముక్క సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు పరుగెడుతుంది. అంత ఎత్తులోనూ పలచగా గాలి ఉంటుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న రోజుల్లో అది ఉబ్బి, రాపిడి పెరుగుతుంది. ముక్క దొర్లుతూ పోతుంటే రాపిడి క్షణానికోలా మారుతుంది. పడే వేళ పది నిమిషాలు అటూఇటూ అయిందంటే, పడే చోటు 4,500 కిలోమీటర్లు జరిగిపోతుంది. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఉన్న దూరం కంటే ఎక్కువ!

కాబట్టి ఇది దుర్బిణి ముందు కూర్చునే పని కాదు, లెక్కల పని. కలనగణితం, సంభావ్యత, ప్రోగ్రామింగ్ అంటే మీ పాపకు ఇష్టమేనా? ముందు అది చూడండి.

పేరులో 'స్పేస్' ఉందని లక్షలు పోసి ప్రైవేటు కోర్సులో చేర్చవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇస్రో ఎక్కువగా తీసుకునేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లనే. నోటిఫికేషన్లలో 65 శాతం మార్కులు అడుగుతుంటారు. శకలాల వైపు రావాలంటే ఎలక్ట్రానిక్స్ నాకు బాగా నచ్చిన దారి. రాడార్ అర్థమవుతుంది, ఇది కుదరకపోయినా వేరే ఉద్యోగాలు ఉంటాయి. మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంహెచ్‌టీ సెట్‌తో మీ చంద్రపూర్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చినా చిన్నచూపు చూడకండి. తిరువనంతపురంలోని ఇస్రో అనుబంధ విద్యాసంస్థ ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఇక్కడ ఒక చిక్కుంది: జేఈఈ మెయిన్‌ను మరాఠీలోనో తెలుగులోనో రాయొచ్చు గానీ, అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. ఫిజిక్స్ పదాలు ఇంగ్లీషులో ఇప్పటి నుంచే అలవాటు చేయించండి. ఇంజనీరింగ్ వద్దనుకుంటే బీఎస్సీ చేసి, హైదరాబాదు ఉస్మానియాలో ఖగోళశాస్త్రం ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు.

ఈ సెలవుల్లో ఒక పని పెట్టండి. ఉపగ్రహాల కక్ష్య వివరాలు సెలెస్‌ట్రాక్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాస్త నేర్చుకుని, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బల్లార్షా మీదుగా ఎప్పుడు వెళ్తుందో లెక్కకట్టి, ఆ వేళకు డాబా ఎక్కి చూడమనండి. తర్వాత వారం పాత వివరాలతో అదే లెక్క మళ్లీ చేసి, ఎన్ని సెకన్లు తేడా వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకునేదాకా ఆమెకు నిద్రపట్టకపోతే నాకు మళ్లీ రాయండి, మిగతా వివరాలు మాట్లాడుకుందాం.