విమానాల కేటాయింపు అంతా కంప్యూటరే చేస్తుంటే ఇంకా ‘సాంకేతిక కారణాల’ వల్ల ఆలస్యాలెందుకు?

కంప్యూటర్ చేస్తోంది కాబట్టే అంటాన్నేను. ఓ ఎయిర్‌లైన్స్‌లో, పేరు వద్దులెండి, మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో తొమ్మిదేళ్లు నైట్ డ్యూటీలు చేశాను.

ఏ రూటుకి ఎయిర్‌బస్, ఏ రూటుకి ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం అన్నది చాలా ముందే తేలిపోతుంది, అందులో సాఫ్ట్‌వేర్‌కి వంక పెట్టను. గొడవంతా ఫలానా విమానం ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న దగ్గరే.

ఒకసారి శంషాబాద్‌లో ఓ ఎయిర్‌బస్ ఏ320కి ఏపీయూ, అదే పెద్ద ఇంజిన్లు స్టార్ట్ చేయడానికి గాలి ఇచ్చే, తోకలో ఉండే చిన్న ఇంజిన్, చెడిపోయింది. అది లేకపోయినా ఎగరొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది, కానీ పది రోజుల్లో బాగుచేసెయ్యాలి. తొమ్మిదో రోజు సాయంత్రానికి గానీ దాని స్టార్టర్ మోటార్ స్టోర్స్‌కి రాలేదు. హమ్మయ్య అనుకుని స్క్రీన్ చూస్తే, సాఫ్ట్‌వేర్ ఆ విమానాన్నే నైట్ హాల్ట్‌కి ఓ చిన్న ఎయిర్‌పోర్టుకి వేసి కూర్చుంది! అక్కడ బయటి నుంచి గాలి కొట్టి ఇంజిన్ స్టార్ట్ చేసే బండే లేదు. రెండు ఇంజిన్లూ ఆపారంటే పొద్దున అది కదలదు.

విమానం మార్చాను. మొదటిదాంట్లో 186 సీట్లు, మార్చినదాంట్లో 180, ఫ్లైటేమో ఫుల్. మిగిలిపోయిన ఆరుగురిలో ఒకాయన మేనకోడలి పెళ్లికి వెళ్తున్నాడట, "ముహూర్తం కూడా మీ కంప్యూటరే మారుస్తుందా?" అని కౌంటర్‌లో అమ్మాయి మీద విరుచుకుపడ్డాడట. పాపం ఆ పిల్లేం చేసింది? తిట్టాల్సింది నన్ను, నేనేమో ఏసీ రూములో టీ తాగుతున్నాను.

ఒక్క స్పేర్ విమానం ఉంచండి మహాప్రభో అంటే పైవాళ్లు నెలనెలా కట్టే లీజు అద్దె చూపిస్తారు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి ప్రపంచవ్యాప్తంగా వందల ఏ320నియోలు నేలకి అతుక్కుపోయాయి, దానికి ఏ లెక్క పనిచేసింది? సందు లేకుండా బిగించిన షెడ్యూల్‌లో ఎక్కడో ఒక మోటార్ పోతే సాయంత్రానికి నాలుగూళ్లలో జనం కుర్చీల్లో పడుకుంటారు, దానికి పెట్టిన పేరే మీరడిగిన సాంకేతిక కారణాలు.

మోటార్ తెల్లవారుజామున నాలుగింటికి మార్చేశారు. తొమ్మిదింటికి రిపోర్టులో నా పేరు పక్కన ఎర్ర గీతతో ఒక ప్రశ్న: ఈ విమానం హైదరాబాద్‌లో రాత్రంతా ఖాళీగా ఎందుకుంది?