వీగన్‌గా మారాక వంటింటి ఖర్చు 7 వేలు పెరిగింది, ఏం చేయాలి?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఉపాధ్యాయురాలిని. మా ఇద్దరి జీతం కలిపి నెలకు 92 వేలు, ఇంటి రుణం వాయిదా 31 వేలు. ఆరేళ్ల పాప ఉంది. పాడి గేదెల దగ్గర దూడల పరిస్థితి చూశాక పాలు, గుడ్లు, మాంసం ఏవీ తినని వీగన్‌గా మారాను. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని మా వారు కూడా మానేశారు. పాప, అత్తగారు మాత్రం పాలు తాగుతున్నారు. వంటింటి ఖర్చు 14 వేల నుంచి 21 వేలకు చేరడంతో పోయిన నెల ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా పెట్టే 6 వేల సిప్ (వాయిదా పెట్టుబడి) ఆపేశాం. ఇది డబ్బున్నవాళ్ల వేడుక అని అత్తగారు అంటున్నారు. మళ్లీ పాతపద్ధతికి వెళ్లాలా? మా ఇండెక్స్ ఫండ్ డబ్బు పాలు, మాంసం కంపెనీలకు కూడా వెళ్తుందేమోనన్న బాధ కూడా ఉంది. పెళ్లిళ్లకు పట్టుచీరల ఖర్చు ఏటా 18 వేలు అవుతుంది. కొత్త ఖర్చుల జాబితా జత చేశాను.

జవాబు: వెనక్కి వెళ్లనవసరం లేదు. మీరు నమ్మినదాన్ని 7 వేల రూపాయల కోసం వదులుకోమని నేను చెప్పను. ఆపాల్సింది సిప్‌ను కాదు, మీ జాబితాలోని కొన్ని కొనుగోళ్లను.

జాబితా చూస్తే బాదం పాలు 12 లీటర్లకు 3,120, వీగన్ చీజ్‌కు 800, మాంసాన్ని పోలిన ఫ్రోజెన్ పదార్థాలకు 1,800, ప్రొటీన్ పొడికి 2,400, ఐస్‌క్రీములు, చాక్లెట్లకు 900. మొత్తం 9,020. పాలు, గుడ్లు, చికెన్ తగ్గడం వల్ల మిగిలింది సుమారు 2 వేలు. పెరిగిన 7 వేల లెక్క ఇదే. ఇందులో పప్పులు, కూరగాయలు, పల్లీలు ఒక్కటీ లేవు. అంటే మీ ఖర్చు పెరిగింది వీగన్ కావడం వల్ల కాదు, మానేసిన ప్రతిదానికీ దాన్ని పోలిన ప్యాకెట్ కొనడం వల్ల.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది మీరు ఎందుకు మారారన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ ఇంట్లో ఇద్దరి కారణాలూ వేరు, డబ్బు మాత్రం ఒకే సంచిలోంచి వెళ్తోంది. అందుకే విడివిడిగా చూద్దాం.

మీ వారి కారణం ఆరోగ్యం. మొక్కల నుంచి వచ్చే ఏ ఆహారంలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, అంతవరకు ఆయన నిర్ణయం సబబే. కానీ మార్కెట్లో దొరికే వీగన్ చీజ్‌లో చాలావరకు కొబ్బరి నూనెతో చేసినదే. అందులో సంతృప్త కొవ్వు ఎక్కువ, అది రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. ఫ్రోజెన్ పదార్థాల్లో ఉప్పు ఎక్కువ. ఆయన ఏ కారణంతో మానేశారో, ఆ కారణానికే ఎదురు వెళ్లే సరుకుపై మీరు నెలకు 2,600 పెడుతున్నారు. ప్రొటీన్ పొడి విషయానికొస్తే, 100 గ్రాముల మీల్‌మేకర్‌లో దాదాపు 52 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పల్లీల్లో 25 గ్రాములు, కందిపప్పులో 22 గ్రాములు. వైద్యుడు ప్రత్యేకంగా రాసి ఇస్తే తప్ప ఆ 2,400 మీ ఇంటికి అనవసరం. పొడి మానేసి 600 రూపాయల మీల్‌మేకర్, శనగలు, పెసలు తెచ్చుకోండి.

మీ కారణం దయ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అత్తగారి మాటకు సమాధానం ఇక్కడే ఉంది. ఈనితేనే గేదె పాలిస్తుంది. పుట్టింది మగదూడ అయితే, ట్రాక్టర్లు వచ్చిన తరువాత దానితో రైతుకు పని లేదు, మేపే స్తోమతా చాలామందికి లేదు. ప్రపంచంలో గేదె మాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో మన దేశం ఒకటి కావడానికి, మన పాడికి ఈ సంబంధం ఉంది. మీరు చూసిన దూడ ఒక్క రైతు నిర్దయకు గుర్తు కాదు, ఆ వ్యాపారం లెక్కే అలా ఉంది. వీగన్ అన్న పేరు 1944లో ఇంగ్లండ్‌లో పుట్టి ఉండవచ్చు, కానీ ఆవులు, గేదెలపై వాటి యజమానులు చేసే హింస గురించి చదివి గాంధీజీ 1912లోనే దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫార్మ్‌లో పాలు మానేశారు. అప్పుడాయన పేదవాళ్లకు దొరికే తిండితోనే బతకాలనీ అనుకున్నారు. డబ్బున్నవాళ్ల వేడుక అయితే ఆయన ఆ పని చేసేవారా? అయితే 1918లో మొదలైన తీవ్రమైన జబ్బు తరువాత కస్తూర్బా మాట మీద మేకపాలు తీసుకున్నారు. పాప పాల విషయంలో అత్తగారు పట్టుబట్టడాన్ని కూడా ఆ ప్రేమతోనే అర్థం చేసుకోండి. పాప పాలు ఆపాలా వద్దా అన్నది పిల్లల వైద్యుడు, పోషకాహార నిపుణుడు చెప్పాల్సిన మాట, బడ్జెట్ చెప్పేది కాదు.

దయ కోసం మారినవారికి బాదం పాలు తప్పనిసరి కాదు. పెరుగన్నం లేకుండా భోజనం ముగియదన్నదే మన ఇళ్లలో అసలు ఇబ్బంది. 200 గ్రాముల పల్లీలు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగు మిరపకాయ తొడిమలు వేస్తే పెరుగు తోడుకుంటుంది. లీటరుకు 40 రూపాయలు దాటదు. టీకి సోయా పాలు ఇంట్లో చేసుకోవచ్చు. ఈ రెంటికీ నెలకు 700 పెట్టుకోండి. బాదం పాలు రెండు లీటర్లకు తగ్గించండి, 520 అవుతుంది. అప్పుడప్పుడు కొనే ప్యాకెట్ విషయంలో ఒక జాగ్రత్త: 2025 సెప్టెంబర్ 22 నుంచి మొక్కల పాల పానీయాలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, సోయా పాలపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ దుకాణంలో ధర తగ్గిందో లేదో బిల్లు చూడండి.

ఒక్క ఖర్చు మాత్రం కొత్తగా చేర్చాలి, దాన్ని ఎప్పుడూ కోయవద్దు. విటమిన్ బి12 మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు, లోపిస్తే నరాలు దెబ్బతింటాయి. మాత్రలకు, ఏటా రక్తపరీక్షకు కలిపి ఇద్దరికీ నెలకు 500 పక్కన పెట్టండి.

ఫ్రోజెన్‌కు 600, చీజ్‌కు 400, ఐస్‌క్రీములు, చాక్లెట్లకు 500 ఉంచినా పైన చెప్పిన ఖర్చులతో కలిపి మొత్తం 3,820 అవుతుంది. పాలు, గుడ్లు, చికెన్ తగ్గడంతో మిగిలే 2 వేలు తీసేస్తే అసలు పెరుగుదల దాదాపు 1,800. నెలకు 5,200 తిరిగి చేతికి వస్తుంది.

సిప్‌కు ఇంకో 800 కావాలి. అది మీ పట్టుచీరల లెక్కలో ఉంది. మామూలు పట్టు కోసం పురుగులను గూడులోనే చంపుతారని మీకు తెలిసే ఉంటుంది. దూడ కోసం పాలు మానినవారు ఈ ఖర్చును కూడా ఒకసారి చూసుకోవాలి. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు పెళ్లికి ఏమాత్రం తక్కువ కావు. ఏడాదికి 8 వేలు పెట్టినా 10 వేలు మిగులుతాయి. పురుగు రెక్కలొచ్చి గూడులోంచి బయటకు వెళ్లాక తీసే అహింసా పట్టును హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య తెచ్చారు. దాని ధర ఎక్కువ, ఎప్పుడో ఒకటి కొనుక్కోవచ్చు. ఇంట్లో ఉన్న తోలు చెప్పులు, బ్యాగులు అరిగేదాకా వాడండి. పారేసి కొత్తవి కొంటే ఏ జంతువుకూ మేలు జరగదు.

ఈ నెలలోనే సిప్ మళ్లీ మొదలుపెట్టండి. నెలకు 6 వేలు, పాపకు 18 ఏళ్లు వచ్చేదాకా 12 ఏళ్లు, ఏటా 10 శాతం రాబడి వస్తుందనుకుంటే సుమారు 16.5 లక్షలు అవుతుంది. రాబడికి హామీ లేదు, కానీ మీరు ఆపింది ఎంత పెద్ద మొత్తమో తెలియాలి.

ఇక ఫండ్ సంగతి. ఇండెక్స్ ఫండ్ స్టాక్ మార్కెట్ సూచీలో ఉన్న అన్ని కంపెనీలనూ కొంటుంది, నచ్చనివాటిని తీసేయలేదు. ప్రతి నెలా ఫండ్ సంస్థ ఆ జాబితా వెబ్‌సైట్‌లో పెడుతుంది, చదవండి. ఈఎస్‌జీ ఫండ్ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి షేర్లు ఎంచేది) అంటే వీగన్ ఫండ్ అనుకోవద్దు, వాటి ప్రమాణాలు వేరు. ఉన్న యూనిట్లను హడావిడిగా అమ్మవద్దు. కొని ఏడాది దాటాక అమ్మితే వచ్చే లాభాలపై ఏటా 1.25 లక్షల మినహాయింపు పోను 12.5 శాతం పన్ను పడుతుంది. కొత్త 6 వేలలో సగం పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. పదేళ్లలోపు ఆడపిల్లలకే ఈ అవకాశం, డబ్బు కంపెనీలకు కాక ప్రభుత్వానికి వెళ్తుంది. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతంగా ఉంది, మూడు నెలలకోసారి ప్రభుత్వం సమీక్షిస్తుంది. మిగతా సగం ఇండెక్స్ ఫండ్‌లోనే కొనసాగించండి. చదువుకు కావాల్సిన డబ్బంతా ఒకే చోట పెట్టడం నాకు ఇష్టం లేదు.