వాలిన తుమ్మ తేలికగా పడుతుందా?

ప్రశ్న: బిజినేపల్లి దగ్గర మాకు మూడెకరాల పత్తి చేను ఉంది. గట్టు మీది నల్లతుమ్మ చేనువైపు బాగా వాలిపోయింది. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత నాలుగు అడుగులు. పత్తి ఏరడం అయిపోయింది, అటువైపు అంతా ఖాళీయే. పెట్రోలుతో నడిచే చైన్ రంపం అద్దెకు దొరికింది. ఎలాగూ వాలి ఉంది కాబట్టి వెనకనుంచి కోసుకుంటూ పోతే దానంతట అదే పడుతుంది కదా? మా తమ్ముడు తాడు కట్టి లాగుతానంటున్నాడు. నేను ఈ రంపం ఇంతవరకు పట్టలేదు. ఫొటో పంపుతున్నాను.
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అలా కోయకండి. మీరు తేలిక అనుకున్న చెట్టే చాలా ప్రమాదకరమైనది. నిటారు మాను కోసేవాడికి కాస్త వ్యవధి ఇస్తుంది. వాలిన మాను ఇవ్వదు.

వాలిన మానులో వెనకవైపు నార గట్టిగా లాగి కట్టిన మోకులా బిగుసుకుని ఉంటుంది. వెనకనుంచి కోస్తుంటే, ఇంకా సగం చెక్క మిగిలి ఉండగానే పైబరువు ముందుకు లాగేస్తుంది. అంత మందం చెక్క వంగలేక నిలువునా చీలుతుంది. చీలిన వెనక సగం ఏతం కొయ్యలా ఒక్కసారిగా వెనక్కి, పైకి లేస్తుంది. కోసేవాడి ముఖం ఉండేది సరిగ్గా అక్కడే. కలప కోత పనిలో ఉన్న రోజుల్లో, అచ్చంపేట వైపు ఒక పట్టా చేనులో నా కళ్లముందే ఇది జరిగింది. రంపం కోసిన గాటు రూపాయి బిళ్ల మందం తెరుచుకుంది, ‘టక్’మని చిన్న శబ్దం వచ్చింది. మేము తలెత్తేలోపే మనిషి కింద ఉన్నాడు. దవడ విరిగింది. మూడు నెలలు జావ తాగి బతికాడు. మోడు మీద మనిషెత్తు చీలిక చాలాకాలం అలాగే నిలబడి ఉండేది.

మరి ఎలా కోయాలి? నాలుగు అడుగుల చుట్టుకొలత అంటే అడ్డంగా సుమారు 15 అంగుళాలు. పడాల్సిన వైపు ముందుగా నోరు తెరిచినట్టు గాటు పెట్టాలి. లోతు మూడు, నాలుగు అంగుళాలు దాటకూడదు. ఆ గాటు వెనక అంగుళంన్నర చెక్కను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంలో వదిలేయాలి. తలుపుకు బందు ఎలాగో చెట్టుకు అది అలాగ. పడేటప్పుడు మానును దారిలో పెట్టేది అదొక్కటే. దాన్ని ఎప్పుడూ తెగకోయకూడదు.

వాలిన చెట్టుకైతే వెనకనుంచి మొదలుపెట్టరు. బందు వెనక, పక్కనుంచి రంపాన్ని మాను మధ్యలోకి పొడుస్తారు. అక్కడినుంచి వెనక్కి కోసుకుంటూ వచ్చి, చిట్టచివర రెండు అంగుళాల పట్టీ ఉంచుతారు. చెట్టును ఆ పట్టీయే పట్టి ఆపుతుంది. అందరూ దూరం వెళ్లాక, పక్కన నిలబడి ఆ పట్టీని బయటినుంచి తెంపుతారు. ఆ పొడిచే కోత చేయి తిరిగినవాడి పని. రంపం మూతి పైసగం చెక్కకు తగిలితే రంపం మొత్తం మీ ముఖం మీదికే ఎగురుతుంది. అందుకే మీ మొదటి చెట్టు ఇది కాకూడదు. పని తెలిసిన మనిషిని పిలవండి. మీరు నేల మీద పడున్న మొద్దుల మీద చేయి అలవాటు చేసుకోండి. రెండు చేతులతో, బొటనవేలు పిడి చుట్టూ తిప్పి పట్టుకోవాలి. భుజం ఎత్తు దాటి ఎత్తకూడదు. మెడలో తువ్వాలు, కాళ్లకు చెప్పులు వద్దు. బూట్లు, శిరస్త్రాణం, కళ్లద్దాలు ఉండాలి. పెట్రోలు పోసేముందు ఇంజను ఆపి చల్లారనివ్వండి. పోసిన చోటునుంచి కనీసం పది అడుగుల దూరం జరిగాకే స్టార్టు చేయండి.

తమ్ముడిగారి తాడు సంగతి. చెట్టు తనంతట తానే అటు పడబోతుంటే లాగడం అనవసరం. పైగా తాడు లాగే మనిషి చెట్టు పడే వైపే నిలబడాల్సి వస్తుంది, అది ప్రమాదం. ఆయన్ను చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో, వెనక పక్కకు ఉంచండి. కోసేవాడికి కూడా పడే దిశకు వెనక్కి, ఏటవాలుగా ఒక దారి ముందే చదును చేసి ఉంచాలి. పత్తి మోళ్లు కాళ్లకు తగలకుండా పీకేయండి. కరెంటు తీగ కొమ్మలకు అందేంత దగ్గరలో ఉంటే లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా రంపం తీయవద్దు. సొంత పొలంలో చెట్టయినా 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి కాబట్టి అటవీశాఖ రేంజ్ కార్యాలయంలో ముందే అడగండి.

ఇక ఫొటోలో నన్ను కలవరపెట్టినది వేరే ఉంది. మాను మొదట్లో, మోకాలి ఎత్తు దాకా చెదల మట్టి గీతలు కనిపిస్తున్నాయి. మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలింది. చెదలు లోపల తినేశాయి. తర్వాతి ఏడాది సెలైన్ సీసాలతో మానులోకి మందు ఎక్కించి ఆ చెట్టును నిలబెట్టుకున్నారు. మీ తుమ్మ లోపల కూడా గుల్ల అయి ఉంటే పైన చెప్పిన లెక్క ఏదీ నిలవదు, ఎందుకంటే బందుగా నిలవడానికి చేవే ఉండదు. గొడ్డలి వెనకవైపుతో నేలనుంచి ఛాతీ ఎత్తు దాకా చుట్టూ తట్టి చూడండి. గట్టి చోట ‘ఠంగ్’మంటుంది, గుల్ల చోట డప్పు సడలినట్టు ‘బొద్దు’మంటుంది. శబ్దం మారిన చోట సుద్దముక్కతో గీసి, మరో ఫొటో పంపండి. అది చూసి చెప్పేదాకా అద్దె రంపం వెనక్కి ఇచ్చేయండి.