నీ కొలత నాకెందుకు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం మొన్న రాత్రి చదివాను, పొద్దున టీ తాగుతూ ఇంకోసారి చదివాను. బుల్లి మిల్లింగ్ మెషిన్‌కి ఫ్లై కట్టర్ (ఒకే బిట్ గుండ్రంగా తిరుగుతూ లోహాన్ని చదును చేసే పనిముట్టు) సొంతంగా చేసుకోవడం గురించి తెలుగులో రాయాలని తోచినందుకే నీకు సగం మార్కులు వేసేశాను. మిగతా సగం గురించే ఈ ఉత్తరం. కాస్త గట్టిగానే ఉంటుంది, ఏమీ అనుకోకు.

మొదటి పేరాలు కొట్టేయ్. మనిషి చక్రం కనిపెట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టావు, కట్టర్ దాకా వచ్చేసరికి రెండు పేజీలయ్యాయి. చదివేవాడు ఆయిల్ చేతులతో ఫోన్ పట్టుకుని మెషిన్ పక్కన నిలబడి ఉంటాడు, వాడికి చక్రం అక్కర్లేదు.

అసలు సంగతికొస్తాను. షాంక్ (మెషిన్‌లో బిగించే కాడ) 20 మి.మీ., బాడీ 45, బిట్ కూర్చునే గాడి 6 అని కొలతలన్నీ ఇచ్చావు, బొమ్మ కూడా చక్కగా గీశావు. కానీ ఆ 20 ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ దగ్గర ఈఆర్32 కోలెట్ చక్ (ఆ కాడని చుట్టూ బిగించి పట్టుకునేది) ఉంది కాబట్టి, అందులో పట్టే పెద్ద సైజు 20 కాబట్టి. ఈఆర్25 ఉన్నవాడికి 16 దాటితే పట్టదు, ఈఆర్20 వాడికి 13. వాడు నీ మాట నమ్మి రాణిగంజ్ వెళ్లి రాడ్డు ముక్క కొని, లేత్ ఉన్న ఫ్రెండుని బతిమాలి, ఒక ఆదివారం అంతా ఖర్చుపెట్టి, చివరికి స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) దగ్గరికొచ్చాక అది దూరదని తెలుసుకుంటాడు. నిన్ను ఏమని తిట్టుకుంటాడో ఇక్కడ రాయను. అటాచ్‌మెంట్ అంటేనే ఒక మెషిన్‌కి కొలిచి కుట్టిన చొక్కా. నీ చొక్కా కొలత నాకెందుకు? టేపు ఎక్కడ పెట్టావో చెప్పు, నాది నేను కుట్టుకుంటాను. "మీ కోలెట్‌లో పట్టే పెద్ద సైజు చూసుకుని షాంక్ అంతే తీసుకోండి, సన్నగా ఉంటే ప్రతి దెబ్బకీ వణుకుతుంది" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరికైనా పనికొస్తుంది.

ఇక ఆ గాడి. 6 మి.మీ. ఎండ్ మిల్‌తో (కొసతో, పక్కలతో కోసే కట్టర్) గాడి తీశానన్నావు, కింది పేరాలోనే రెండు సూత్‌ల హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ అందులో బిగించానన్నావు. రెండు సూత్‌లంటే పావంగుళం, అంటే 6.35. ఆరులోకి అది ఎలా దూరింది? ఫైల్ పట్టావా, హ్యాండిల్ ఇంకాస్త తిప్పి రెండో పాస్ తీశావా, లేకపోతే బిట్టునే గ్రైండర్ మీద అరగదీశావా? ఏదో ఒకటి చేసే ఉంటావు, ఎందుకంటే ఫొటోలో బిట్ నిక్షేపంగా కూర్చుని ఉంది. ఆ అరగంట దాచేశావు, మొత్తం వ్యాసంలో నాకు కావలసింది ఆ అరగంటే. రెండో పాస్ తీసుంటే బ్యాక్‌లాష్ సంగతి ఏం చేశావు, టేబుల్ కదలకుండా హ్యాండిల్ ఎన్ని గీతలు ఖాళీగా తిరిగింది, ఆ ఖాళీ పోయేలా ఒకే వైపు నుంచి వచ్చావా, ఇవన్నీ రాయి.

దాచితే ఏమవుతుందో నా కథే చెప్తాను. నేనైతే కావాలని దాచలేదు, అది వేరే విషయం. రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో టీ-నట్ల (టేబుల్ గాడిలో దూరి క్లాంప్ స్టడ్‌ని పట్టుకునే నట్లు) గురించి రాశాను. టేబుల్ గాడికి సరిపడా మైల్డ్ స్టీల్ ముక్క మిల్ చేసి, మధ్యలో బెజ్జం వేసి ట్యాప్ చేయమన్నాను, అంటే లోపల మర తీయమన్నాను. నేనెప్పుడూ మర అడుగుదాకా తీయను, కింద రెండు చుట్లు వదిలేస్తాను. టూల్‌రూంలో మా మేస్త్రీ మొట్టికాయ వేసి నేర్పిన పని, చేతికి అలవాటైపోయింది, అందుకే అది రాయాలని కూడా తట్టలేదు. ఒకాయన పూర్తిగా ట్యాప్ చేసుకున్నాడు. క్లాంప్ బిగిస్తుంటే స్టడ్ నట్‌లోంచి కిందికి దిగి గాడి అడుగుని తన్నింది, నట్ పైకి లేచి గాడి అంచుని పెకలించింది. పోత ఇనుము వంగదు కదా, బొటనవేలంత ముక్క ఊడింది. ఫొటో పంపించాడు. తిట్టలేదు, "నాదే పొరపాటేమో సార్" అన్నాడు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి ఏదైనా రాసే ముందు ఆ పని ఇంకోసారి నెమ్మదిగా చేస్తూ, చెయ్యి తనంతట తాను ఎక్కడ ఆగుతుందో చూసి పెన్సిల్‌తో రాసుకుంటాను.

"స్పీడ్ తక్కువ పెట్టుకోవాలి" అన్నావు. తక్కువంటే ఎంత? బిట్ కొస 50 మి.మీ. వ్యాసంతో తిరుగుతుంటే (వ్యాసం గురించి వ్యాసం, తెలుగులో ఇదో తంటా), హెచ్ఎస్ఎస్‌తో మైల్డ్ స్టీల్‌కి నిమిషానికి 25 మీటర్ల కోత వేగం లెక్కన దాదాపు 160 ఆర్‌పీఎం, అల్యూమినియంకి 100 మీటర్లనుకుంటే 640 దాకా. ఆ లెక్క ఒకసారి వేసి చూపించు, ఎవడి సైజుకి వాడు వేసుకుంటాడు. ఇలాంటి చిన్న మెషిన్లలో చాలావాటికి హెడ్ (స్పిండిల్ ఉండే పైభాగం) లోపల ప్లాస్టిక్ గేర్లుంటాయి, ఫ్లై కట్టర్ చుట్టుకొక్క దెబ్బ కొడుతుంది, కాబట్టి లోతు 0.2 మి.మీ.తో మొదలుపెట్టమని కూడా చెప్పు. బిట్‌ని బిగించే ఎం5 గ్రబ్ స్క్రూకి (తల లేని స్క్రూ) 4.2 బెజ్జం అని రాసింది బాగుంది, 5లోంచి పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 0.8 తీసేస్తే వచ్చిందని పక్కనే పెట్టు.

ఒకచోట ఎండ్ మిల్‌ని "అంత్య ఛేదని" అన్నావు. వద్దు. బాలానగర్‌లో ఏ షెడ్డుకైనా వెళ్లి అది ఇవ్వమని అడిగిచూడు, కుర్రాడు టీ తెచ్చి ఇస్తాడు.

ఆఖరి ఫొటో కింద "అద్దంలా వచ్చింది" అని రాశావు. జూమ్ చేసి చూశాను. కట్టర్ గీతలన్నీ ఒకవైపే వంగి ఉన్నాయి, వెనక్కి వచ్చే అంచు ఎక్కడా తాకలేదు. హెడ్ నిటారుగా ఉంటే రెండు వైపుల గీతలూ అల్లికలా కనపడాలి. అంటే నీ హెడ్ కొద్దిగా వాలి ఉంది. అద్దం అన్న మాట తీసేసి ఇది రాయి, ఫొటో మాత్రం అలాగే ఉంచు.

ఆదివారం ఆ వాలు ఎంతో చూసే డయల్ గేజ్ తీసుకుని నేనే వస్తాను, అప్పటిదాకా హెడ్ ముట్టుకోకు. ఆ 6.35 సంగతి మాత్రం ఇవాళే ఫోన్ చేసి చెప్పు.